రేకుల కప్పు, పౌడరు డబ్బా: చెప్పకుండా అమ్మిన సరుకులు, కుదిరిన రాజీలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ‘ఏదో ఒకటి, నాలుగు మాటలు’ చెప్పమన్నారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. అందుచేత నేను ఇంటి మీద రేకుల గురించి చెబుతాను. నవ్వకండి. మీలో చాలామంది ఇళ్లకు వరండాకో, వంటింటికో, దొడ్లో స్నానాల గదికో సిమెంటు రేకు ఉండే ఉంటుంది. లేనివారు చేయి ఎత్తండి. చూశారా, ముగ్గురే!

నేను వకీలును కాను, డాక్టరును కాను. 1974 నుంచి 2008 దాకా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఒక కాగితం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో మాత్రం నాకు తెలుసు. ఇది ఆగిపోయిన ఒక కాగితం కథ.

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను రేపల్లె తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.ని. ఆ రోజులు ఇక్కడున్న పెద్దలకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. తాటాకు కప్పులు ఎటు పోయాయో కూడా తెలియలేదు. ఉప్పెన లేని ఏడాది వేసవిలో నిప్పు. ఒక పొయ్యి రవ్వ ఎగిరితే వాడంతా బూడిద. నష్టపరిహారం జాబితాలు రాసి రాసి చేతులు నొప్పిపుట్టేవి. అటువంటి మనుషులకు నీటికి నానని, నిప్పుకు అంటుకోని, చెద పట్టని రేకు ఎదురైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దేవుడిచ్చిన కప్పు అనుకున్నాం. అందులో తప్పేమీ లేదు.

1980లో మా నాన్నగారు కట్టిన మట్టిగోడల ఇంటికి తాటాకు తీసేసి రేకులు వేయించాను. తెనాలిలో కొని లారీ మీద రేపల్లె తెప్పించాను. రేకు మీద కంపెనీ పేరు బారెడు అక్షరాలతో ఉంది. ఇంకో మాట లేదు. కొట్టాయన చెప్పిన జాగ్రత్త ఒక్కటే: ‘ఎక్కేటప్పుడు మేకు పక్కన కాలు పెట్టమనండి, మధ్యలో పెడితే విరుగుద్ది’. రేకుకు ప్రమాదం చెప్పాడు గాని మనిషికి ప్రమాదం చెప్పలేదు. ఆయనకీ తెలియదు పాపం.

మా మేస్త్రి రెండు రోజులు వరండాలో కూర్చుని రంపంతో రేకులు కోశాడు. సాయంత్రానికి పిండిమర నుంచి వచ్చినవాడిలా తెల్లగా అయ్యేవాడు. అతని భార్య ఆ పొడి చీపురుతో ఊడ్చి తట్టకెత్తి, దొడ్లో బురదగా ఉన్నచోట పోసి తొక్కింది. ‘దుమ్ము లోపలికి పోతుందేమో మేస్త్రీ’ అన్నాను. ‘బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దిగిపోద్దండి గుమాస్తాగారూ’ అన్నాడు. మా ఆవిడే బెల్లం ఇచ్చింది. మిగిలిన ముక్కలు మా ఆడపిల్లలు తొక్కుడు బిళ్లకు వాడుకున్నారు. పెంకు కంటే బాగా జారేవట.

ఆ రేకులో సిమెంటుతోపాటు నూటికి ఎనిమిది, పది పాళ్లు రాతినార ఉంటుంది. ఆస్బెస్టాస్ అంటారు. రాయే, కాని దూదిలా పోగులుగా విడిపోతుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ తవ్వినదే. రేకు కదలకుండా కప్పు మీద ఉన్నంతకాలం పోగులు సిమెంటులో బంధించి ఉంటాయి. కోసినా, తొలిచినా, పగలగొట్టినా కంటికి కనబడని పోగులు గాలిలో లేచి ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. బెల్లానికి దిగవు, దగ్గుకు రావు, ఒంట్లో కరగవు. జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు పట్టవచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం ఒకటి, ఊపిరితిత్తుల క్యాన్సరు ఒకటి, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు ఒకటి. రాతినారలో అన్ని రకాలూ క్యాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పొగతాగే అలవాటు కూడా తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మా మేస్త్రి ఆ తర్వాత మరో ముప్ఫై ఏళ్లు రేపల్లె చుట్టుపక్కల రేకులు కోస్తూనే ఉన్నాడు. 2011లో పోయాడు. ఆస్పత్రి కాగితంలో ‘ఊపిరితిత్తుల క్యాన్సరు’ అని ఉంది. బీడీలు కాల్చేవాడు. కర్మకాండ అయిన కొన్నాళ్లకు అతని కొడుకు నా దగ్గరకు వచ్చి, ‘రేకుల దుమ్ము వల్లేనని ఎవరో అన్నారండి, అర్జీ రాసిపెట్టండి’ అని అడిగాడు. నేను కాగితం తీశాను. యజమాని ఎవరు? రోజుకో ఇల్లు. సరుకు ఏ కంపెనీది? దొరికినది. బిల్లు? ఇంటివాళ్ల దగ్గర ఉండి ఉండవచ్చు, చెదలు తిని ఉండవచ్చు. ఏ తేదీన హాని కలిగింది? ముప్ఫై ఏళ్లు. డాక్టరు గారి ధ్రువపత్రంలో వృత్తి అన్నచోట ‘కూలి’. ఇన్ని వేల అర్జీలు రాసినవాణ్ణి, ఆ అర్జీలో ‘అయ్యా’ తర్వాత ఏమీ రాయలేకపోయాను. అతని చావు రేకుల వల్లేనని నేను ఈనాటికీ రుజువు చేయలేను. కాదని కూడా ఎవరూ రుజువు చేయలేరు. ఆ రోజు నుంచి ఈ విషయం పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మా పెద్దమ్మాయి అమెరికాలో ఉండటం వల్ల కొన్ని తీర్పుల ప్రతులు సంపాదించి పంపింది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

అందులో మొదటిది క్లారెన్స్ బోరెల్ అనే ఆయన కేసు. టెక్సాస్ రాష్ట్రంలో 1936 నుంచి 1969 దాకా గొట్టాలకు రాతినార పూత వేసే పని చేశాడు. 1969లో పదకొండు కంపెనీల మీద దావా వేశాడు. దుమ్ము చెడ్డదని తెలుసు గాని ప్రాణం తీస్తుందని తెలియదని, ఊపిరితిత్తుల్లో అది కరిగిపోతుందనుకున్నానని వాంగ్మూలం ఇచ్చాడు. మా మేస్త్రి బెల్లం ముక్క గుర్తుకొచ్చి నేను అక్కడ చదవడం ఆపేశాను. ఆయన విచారణ దాకా బతకలేదు, 1970లో పోయాడు. భార్య కేసు నడిపింది. నాలుగు కంపెనీలు ముందే రాజీపడి అన్నీ కలిపి 20,902 డాలర్ల 20 సెంట్లు ఇచ్చాయి. జూరీ నష్టాన్ని 79,436 డాలర్లుగా లెక్కకట్టింది. రాజీ సొమ్ము మినహాయించి మిగతాది ఆరు కంపెనీల మీద వేశారు. 1973 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. తయారుచేసేవాడు తన సరుకు గురించి నిపుణుడికి తెలిసినంతా తెలుసుకోవాలి, ముప్పు ఉంటే వాడేవాడికి చెప్పాలి, ఆ ముప్పు నెత్తిన వేసుకోవాలా వద్దా అనేది పనివాడు నిర్ణయించుకోవాలి – సారాంశం ఇది. ఒక కంపెనీ 1964లో పెట్టెల మీద ఏదో జాగ్రత్త అచ్చు వేసింది. ముప్పు ఎంత పెద్దదో అది చెప్పడం లేదని, అది చాలదని కోర్టు అన్నది.

ఇక్కడ మీరు అడగవచ్చు: అంతకుముందు ఎవరూ కోర్టుకు వెళ్లలేదా అని. వెళ్లారు. జాన్స్ మాన్‌విల్ అనే పెద్ద కంపెనీ 1933లోనే పదకొండు మంది పనివాళ్ల కేసులను సుమారు 30,000 డాలర్లకు రాజీ చేసుకున్నది. షరతు ఏమిటంటే, వాళ్ల వకీలు ఇకమీదట అటువంటి కేసులు వేయకూడదు, వేయించకూడదు. వకీలు రాసి ఇచ్చాడు. 1935లో మరో కంపెనీ అధ్యక్షుడు ఈ కంపెనీ వకీలుకు రాసిన ఉత్తరంలో, రాతినార గురించి ఎంత తక్కువ మాట్లాడితే మనకంత మేలు అన్నాడు. ఆ ఉత్తరాలు 1977లో బయటపడ్డాయి. నలభై రెండేళ్లు ఫైలులో ఉన్నాయన్నమాట. మన ఆఫీసుల్లో ఫైలు కదలదని అంటారు గాని, ఇది కదలకుండా కూర్చోబెట్టిన ఫైలు.

రాజీ అంటే మనకు చెడ్డ మాట కాదు. లోక్ అదాలత్‌లో మోటారు ప్రమాదం కేసులు, గట్టు తగాదాలు ఎన్ని తెమలలేదు! నేనే రెండు కేసుల్లో పక్కన కూర్చుని సంతకాలు పెట్టించాను. కాని ఈ పెన్షనర్ల దినం ఎందుకు చేసుకుంటున్నామో ఒక్కసారి తలచుకోండి. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1979 మార్చి 31 అనే తేదీ గీత గీసి పెన్షనర్లను రెండు ముక్కలు చేయడం చెల్లదన్నది. కోర్టుకు ఎక్కినవారు కొద్దిమంది, ఫలం అందరిదీ. నకారా గారితో ఆనాడు ఎవరైనా లోపాయికారీగా మాట్లాడి, ‘మీ ఒక్కరి పెన్షను సరిచేస్తాం, కాగితం వెనక్కి తీసుకోండి’ అని ఉంటే? ఆయనకు డబ్బు వచ్చేది. మనకు కనీసం అన్యాయం జరుగుతున్నదన్న సంగతి కూడా తెలిసేది కాదు. 1933 రాజీలో జరిగింది అదే. పదకొండు మందికి డబ్బు వచ్చింది. బయట లక్షలమంది అదే దుమ్ము పీలుస్తున్నారు, వాళ్లకు మాట అందలేదు. బోరెల్ గొట్టాల పనిలో చేరింది ఆ తర్వాత మూడేళ్లకు, గుర్తుంచుకోండి.

బోరెల్ తీర్పు తర్వాత వేలాది కేసులు పడ్డాయి. 1982 ఆగస్టులో సదరు జాన్స్ మాన్‌విల్ దివాలా రక్షణ కోరింది. 1988లో బాధితుల కోసం ట్రస్టు పెట్టారు. రెండేళ్లకే సొమ్ము చాలక చెల్లింపులు ఆగాయి. 1995లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నూటికి పది చొప్పున ఇచ్చారు. అంటే లక్ష రావలసినవాడికి పదివేలు. ఆ తర్వాత అది ఇంకా తగ్గింది. వేరే కంపెనీలన్నీ కలిసి ఇప్పటికి జబ్బు పడనివారిని కూడా కలుపుకొని ఒక పెద్ద రాజీ చేసుకుంటే, 1997లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇంకా జబ్బు బయటపడని మనిషికి నోటీసు పంపినా, అది తన గురించేనని అతనికి ఎలా తెలుస్తుంది అనేది అందులో ఒక చిక్కు.

మన దేశంలో? 1986లో ఒక వినియోగదారుల సంస్థ వేసిన రిట్టు మీద 1995 జనవరి 27న మన సుప్రీంకోర్టు మంచి తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమన్నది. రాతినార ఫ్యాక్టరీలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా రిటైరైన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత అయితే అంతవరకు భద్రం చేయాలన్నది. జబ్బు ఉన్నట్టు తేలితే లక్ష రూపాయల పరిహారం. గుమాస్తాగా నాకు ఆ 40 ఏళ్ల మాట ఎంత నచ్చిందో చెప్పలేను. జబ్బుకు ఎంత ఆయుష్షు ఉందో కాగితానికీ అంత ఆయుష్షు ఇచ్చారు. కాని ఆ రికార్డు ఫ్యాక్టరీ గేటు లోపలివాడికి. గేటు దాటి లారీ ఎక్కిన రేకును వరండాలో కోసేవాడికి ఏ రిజిస్టరూ లేదు. 2011లో రాతినారను నిషేధించాలని వేసిన మరో పిటిషనులో కోర్టు నిషేధానికి ఒప్పుకోలేదు, 1995 ఆదేశాలు అమలుచేయమన్నది. మా మేస్త్రి పోయింది ఆ ఏడే. అరవైకి పైగా దేశాలు నిషేధించాయి, 2024లో అమెరికా కూడా తెల్ల రాతినారను నిషేధించింది. మన దగ్గర బయటి దేశాల నుంచి దిగుమతి చేసుకుని రేకులు చేస్తూనే ఉన్నారు.

ఇది రేకులతో పోయే విషయమైతే మగవాళ్ల మాటగా వదిలేద్దురు. ఆడపడుచులు కూడా వినాలి. పౌడరుకు వాడే టాల్కు రాయి మనం పలక మీద రాసిన బలపం జాతిదే. భూమిలో కొన్నిచోట్ల టాల్కు, రాతినార పక్కపక్కనే పుడతాయి. శుభ్రంగా ఏరకపోతే ఇది అందులో కలిసే ప్రమాదం ఉంది. అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ బేబీ పౌడరు మీద వేలాది కేసులు ఇందుకే నడుస్తున్నాయి. తమ పౌడరు సురక్షితమని, అందులో రాతినార లేదని కంపెనీ ఇప్పటికీ వాదిస్తున్నది. అదీ చెప్పాలి కదా. 2018లో సెయింట్ లూయిస్ జూరీ 22 మంది స్త్రీలకు 469 కోట్ల డాలర్లు వేసింది. అప్పీలులో అది సుమారు 212 కోట్లకు తగ్గింది. 2021లో అక్కడి సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాక కంపెనీ చెల్లించింది. 2024లో 42 రాష్ట్రాల ప్రభుత్వాలతో 70 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నది, తప్పు ఒప్పుకోకుండానే. మిగతా అరవై వేల మందికి పైగా ఉన్న దావాదారులతో ఒక అనుబంధ కంపెనీని దివాలా తీయించి రాజీపడాలని చూస్తే, మూడోసారి కూడా, 2025 మార్చి 31న హ్యూస్టన్ కోర్టు ఒప్పుకోలేదు.

ఈ అంకెలు చూసి కళ్లు తిప్పుకోకండి. నాకు ముఖ్యమైనవి రెండు సంవత్సరాలు. అమెరికా, కెనడాలలో ఆ టాల్కు పౌడరు అమ్మకం ఆపుతున్నట్టు 2020లో ప్రకటించారు. మిగతా ప్రపంచంలో, అంటే మన దగ్గర, ఆపింది 2023లో. మన ప్రభుత్వ పరీక్షల్లో రాతినార కనబడలేదని కంపెనీ 2019లో ప్రకటించిన మాట నిజమే. అక్కడ ఆపింది ఆరోగ్యం కోసం కాదు, అపప్రచారం వల్ల గిరాకీ పడిపోయి అన్నారు. అదీ నిజమే అనుకుందాం. అయినా మా పెద్దమ్మాయి ఫోనులో ‘నాన్నా, పిల్లకు పౌడరు రాయొద్దని అమ్మతో చెప్పు’ అన్న రోజున, మా వీధి కొట్లో పౌడరు డబ్బాలు వరుసగా ఉన్నాయి, ఏ డబ్బా మీదా ఆ సంగతి ఒక్క అక్షరం లేదు. అక్కడి తల్లికి అందిన అనుమానం ఇక్కడి తల్లికి అందలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధన విభాగం టాల్కును క్యాన్సరు కలిగించే అవకాశం బలంగా ఉన్న వస్తువుల జాబితాలో చేర్చింది.

చదువురానివాడికి ఏం రాసినా తెలియదులెండి అనేవారు ఉన్నారు. పురుగుమందు డబ్బా చూడండి. 1971 నిబంధనల ప్రకారం దాని మీద రంగు ముద్ర ఉంటుంది. ఎరుపు ఉంటే ఘోరమైన విషమని మన కొల్లూరు, భట్టిప్రోలు రైతుకు ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. బారెడు అక్షరాలతో పేరు వేయడానికి చోటున్న రేకు మీద ఒక ఎర్రటి ముద్రకు చోటు లేకపోయింది.

ఇక మనకున్న చట్టం. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. సరుకు వల్ల హాని కలిగితే తయారీదారును నేరుగా బాధ్యుణ్ణి చేసే అధ్యాయం అందులో కొత్తగా పెట్టారు. సరుకులో లోపం లేకపోయినా, సరైన వాడకం సూచనలు, హెచ్చరిక లేకపోవడం కూడా బాధ్యతే. మనం ఉన్న ఊరి జిల్లా కమిషనులోనే కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. మధ్యవర్తిత్వంతో రాజీకీ వీలుంది. రెండేళ్ల గడువు మాత్రం ఉంది. తగిన కారణం చూపితే ఆలస్యం మన్నించవచ్చు గాని, ముప్ఫై ఏళ్ల జబ్బుకు రెండేళ్ల గడువేమిటో నాకు అర్థం కాలేదు. ఇంకో మెలిక: పనిచోట వాడటానికి యజమాని సరుకు కొన్నప్పుడు, తయారీదారు ఆ యజమానికి హెచ్చరిక చెప్పి ఉంటే అతని బాధ్యత తీరిపోతుంది. యజమాని పనివాడికి చెప్పాడా లేదా అనేది వేరే సంగతి. పైగా 1980 నాటి నా రేకులకు ఈ చట్టం వెనక్కి నడిచి రాదు.

కాబట్టి మీలో రేకు ఉన్నవారు కంగారుపడి రేపే పీకించకండి. పీకించేటప్పుడే ప్రమాదం ఎక్కువ. బాగున్న రేకును కదపకుండా ఉంచండి. కోతులు దూకి విరగ్గొడితే – బాపట్ల వారికి ఈ బాధ తెలుసు – ముక్కలు తడిపి ఏరించండి, పొడిగా ఊడ్పించకండి. పాకుడు పోవాలని తీగ బ్రష్షుతో రుద్దించకండి. కొత్తగా వేయించేవారు రాతినార లేని రేకులు అడగండి, వస్తున్నాయి. బిల్లు మీద సరుకు పేరు, కంపెనీ పేరు రాయించుకోండి. కోసే కుర్రాడికి ముందుగా చెప్పండి. అతనికి ఇంకెవరూ చెప్పరు.

పోయిన నెల మా రేపల్లె ఇంటి రేకులు దింపించాను. పనికి వచ్చింది మా మేస్త్రి కొడుకే. తండ్రి వేసినవి గనుక తనే దింపుతానన్నాడు. నీళ్లగొట్టం పెట్టి బాగా తడిపి, మేకులు విప్పి, ఒక్కటి కూడా విరగకుండా పద్దెనిమిది రేకులు దింపాడు, మూతికి ముసుగు కట్టుకుని. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఒక తెల్లకాగితం మీద తేదీ, రేకుల సంఖ్య, వాటి మీది కంపెనీ పేరు, 1980లో కోసినది ఎవరు, ఈనాడు దింపినది ఎవరు, అన్నీ వివరంగా రాశాను. అతను సంతకం పెట్టాడు, నేను సాక్షి సంతకం పెట్టాను. రెండు ప్రతులు తీయించి ఒకటి అతనికి ఇచ్చాను, రెండోది నా పి.పి.ఓ. ఉన్న ఫైలులో పెట్టాను. ‘ఇది ఎందుకండి?’ అని అడిగాడు. నలభై ఏళ్లు దాచిపెట్టుకోమన్నాను.